పీటీవో షాఫ్టు – మూడో చెయ్యి

సావనీరు అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్దల సందేశాలు, కార్యదర్శి నివేదిక, ఆటల్లో కప్పులు గెలిచిన వాళ్ళ ఫోటోలు, నాలుగు వచన కవితలు, ఒక ప్రేమకథ. వాటి మధ్య ట్రాక్టరు వెనకాల తిరిగే ఇనప కడ్డీ మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు పేజీ తిప్పేయవచ్చు. తిప్పే ముందు ఒక్క మాట. మనలో చాలామంది ఇళ్ళల్లో ట్రాక్టరు వుంది. లేనివాళ్ళు ఏటా కిరాయికి పిలుస్తారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, "ఒరే అబ్బాయ్, ఇంజనీరింగు చదువుతున్నావు గదా, ఆ జాయింటు ఎక్కటంలేదు, కాస్త చూడు" అని నాన్నగారో బాబాయిగారో ఎప్పుడో ఒకప్పుడు అనక తప్పదు. థియరీ ఆఫ్ మెషీన్స్ లో హుక్స్ జాయింటు మీద పది మార్కుల లెక్క అందరం చేశాం. ఆ జాయింటును బురదలో కూర్చుని ట్రాక్టరుకు తగిలించడం మాత్రం ఏ సిలబస్ లోనూ లేదు.

నేను ఇక్కడే మెకానికల్ చదివి, కొన్నాళ్ళు బయట వుద్యోగం చేసి, తర్వాత తణుకు దగ్గర మా వూరు చేరాను. వ్యవసాయం, దాంతోపాటు ఒక చిన్న వర్క్‌షాపు చూసుకుంటున్నాను. మా షెడ్డుకు వచ్చే పనుల్లో వెల్డింగు తర్వాత ఎక్కువగా వచ్చేది ఈ పీటీవో షాఫ్టే. అందువల్ల నాలుగు ముక్కలు చెప్పే అర్హత వుందనుకుంటున్నాను.

తెలియని వాళ్ళ కోసం క్లుప్తంగా. ట్రాక్టరు చేసేవి రెండు పనులు. ఒకటి లాగడం, రెండోది తిప్పడం. నాగలి, ట్రక్కు లాగే పనులు. రోటవేటరు, మొక్కజొన్న ఒలిచే మిషను, గడ్డి కట్టలు కట్టే బేలరు, మందు కొట్టే పెద్ద స్ప్రేయరు తిప్పే పనులు. ట్రాక్టరు వెనక, మూడు లింకుల మధ్య, మోకాలి ఎత్తున ఒక పొట్టి ఇరుసు మొన బయటికి వచ్చి వుంటుంది. దానికి పవర్ టేకాఫ్, అంటే పీటీవో అని పేరు. ఆ మొన మీద పొడవునా గాడులు, గట్లు వుంటాయి. వాటినే స్ప్లైన్లు అంటాం. మన డ్రైవర్లు పళ్ళు అంటారు. మన దేశంలో మామూలుగా కనిపించేది 35 మి.మీ. వ్యాసం, ఆరు పళ్ళు, నిమిషానికి 540 చుట్లు. పెద్ద హార్స్‌పవరు బళ్ళకు 1000 చుట్ల రకాలున్నాయి. వాటికి 21 పళ్ళో 20 పళ్ళో వుంటాయి. ఈ మొనకూ, వెనక పనిముట్టు గేరుబాక్సుకూ మధ్య తగిలించే షాఫ్టుకు రెండు చివర్లా రెండు క్రాస్ జాయింట్లు, మధ్యలో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు, పైన ప్లాస్టిక్ తొడుగు వుంటాయి. కష్టమల్లా ట్రాక్టరు వైపు చివర ఆ మొన మీదికి ఎక్కించడంలో వుంది.

ఈ ఏర్పాటును తొలి రోజుల్లో చేసి చూపినవాళ్ళలో ఒకరు ఫ్రాన్సు మనిషి. ఆల్బెర్ గూగీ అనే ఆయన 1900 తర్వాత తొలి దశకంలోనే తన ట్రాక్టరు ఇంజను నుంచి షాఫ్టు వేసి వెనకనున్న కోత యంత్రాన్ని తిప్పాడు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1918లో తన 8-16 ట్రాక్టరుకు పీటీవో పెట్టి అమ్మింది. కాని ఆ రోజుల్లో ఒకరి కొలత ఒకరికి పొసగదు. ఎవరి మొన వారిది, ఎవరి వేగం వారిది. అక్కడి వ్యవసాయ ఇంజనీర్ల సంఘం 1920లలో కూర్చుని మొన కొలత, వేగం, తిరిగే దిశ ఒక ప్రమాణం చేసింది. నన్నడిగితే పీటీవో తగిలించడాన్ని తేలిక చేసిన మొట్టమొదటి పని అదే. ఇవాళ ఏ కంపెనీ ట్రాక్టరుకు ఏ కంపెనీ రోటవేటరైనా ఎక్కుతున్నదంటే ఆ కాగితం మీది ప్రమాణం పుణ్యమే. వెనకనుంచి చూస్తే మొన గడియారం ముల్లు తిరిగినట్టే తిరగాలన్నది కూడా ఆ ఒప్పందంలోదే.

ఐతే ప్రమాణం కుదిరి వందేళ్ళు కావస్తున్నా, తగిలించే మనిషి అవస్థ మాత్రం పెద్దగా మారలేదు. సార్వా దమ్ముల కాలంలో మా వైపు వచ్చి చూడండి. పొద్దున రోటవేటరు, మధ్యాహ్నం దాన్ని విప్పి ట్రక్కు, సాయంత్రం మళ్ళీ రోటవేటరు. కిరాయి గంటల లెక్క. చేలో యజమాని గట్టు మీద నిలబడి వాచీ చూస్తుంటాడు. డ్రైవరు ఒక మోకాలు బురదలో ఆనించి, ట్రాక్టరుకూ రోటవేటరుకూ మధ్య సందులో దూరి, పది పదిహేను కిలోల షాఫ్టును గుండెకు హత్తుకుని తంటాలు పడుతుంటాడు. ఎక్కదు. తిప్పుతాడు. ఎక్కదు. ఆఖరికి సుత్తి అడుగుతాడు.

ఇందులో సరదాకు మించిన సంగతి ఒకటుంది. మా పక్క వూళ్ళో మొక్కజొన్న ఒలిచే మిషను దగ్గర ఒకాయన కండువా షాఫ్టుకు చుట్టుకుని కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. మనిషి బతికాడు. ఆ ట్రాక్టరు తర్వాత మా షెడ్డుకు వచ్చింది. మొన మీద వుండవలసిన ఇనప గొడుగు లేదు. షాఫ్టు ప్లాస్టిక్ తొడుగు సగానికి కోసేసి వుంది. "ఇదెందుకు తీసేశారయ్యా?" అని డ్రైవర్ని అడిగాను. అతను ఏ మాత్రం తడుముకోకుండా, "కవరుంటే పిన్ను అందదండి అబ్బాయిగారూ. రోజుకు మూడుసార్లు విప్పి బిగించాలి. చెయ్యి పట్టని చోట ఎంతసేపని పెనుగులాడతాం?" అన్నాడు.

ఆ జవాబు నాకు చాలా పాఠ్యపుస్తకాల కంటే ఎక్కువ నేర్పింది. కవచాలు తీసేయడం రైతు అజ్ఞానమనీ, కూలీల నిర్లక్ష్యమనీ మనం సులువుగా అనేస్తాం. గోడ మీద పోస్టరు అంటిస్తాం. కాని చాలాచోట్ల అసలు కారణం అది తగిలించడానికి అడ్డం రావడమే. తగిలించడం సులువైతే కవచం తన చోట తాను వుంటుంది. కనుక ఈ సులువు సంగతి సోమరితనం కిందకు రాదు, ప్రాణం సంగతి కిందకే వస్తుంది. లెక్క మీరే వేయండి. నిమిషానికి 540 అంటే సెకనుకు 9 చుట్లు. యోక్ దగ్గర అడ్డం పది సెంటీమీటర్లనుకుంటే ఒక చుట్టుకు 31 సెంటీమీటర్ల గుడ్డ పోతుంది. సెకనుకు దాదాపు 2.8 మీటర్లు. రెండు మీటర్ల కండువా పోవడానికి ఒక్క సెకను అక్కర్లేదు. "ఆపరా" అన్న కేక డ్రైవరు చెవిన పడేలోపే అంతా ఐపోతుంది.

సరే, ఎందుకు ఎక్కదో చూద్దాం.

షాఫ్టు చివరనున్న యోక్ లో లోపలి గాడులు వుంటాయి. అది మొన మీదికి జారాలంటే మూడు సంగతులు ఒకే క్షణంలో కుదరాలి. యోక్ మొనకు తిన్నగా వుండాలి. పళ్ళకు ఎదురుగా గాడులు రావాలి. అలా వున్నప్పుడు లాకు పిన్ను నొక్కి పట్టుకుని ముందుకు తోయాలి. ఇప్పుడు చేతుల లెక్క చూడండి. బరువు మోయడానికి ఒక చెయ్యి, పిన్ను నొక్కడానికి ఒక చెయ్యి, తిప్పుతూ తోయడానికి ఇంకొకటి. భగవంతుడు మనిషికి రెండే ఇచ్చాడు. పీటీవో కష్టం మొత్తం ఈ మూడో చెయ్యి లేకపోవడమే. మిగిలిన తుప్పు, బురద, గ్రీజు అన్నీ దాని మీద వడ్డీ.

మొదట తిన్నగా వుండడం సంగతి. మన హాస్టల్ బల్లల సొరుగు ఒక మూలన పట్టుకుని లాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అడ్డం తిరిగి బిగుసుకుంటుంది. ఎంత గుంజితే అంత బిగుస్తుంది. మధ్యలో పట్టుకుని లాగితే మెత్తగా వచ్చేస్తుంది. యోక్ కూడా అచ్చం అంతే. మొనకూ దానికీ మధ్య సందు చాలా తక్కువ. కొంచెం వాలినా కొరుక్కుపోతుంది. పైగా యోక్ క్రాస్ జాయింటు మీద వేలాడుతూ వుంటుంది కాబట్టి తన బరువుకు తానే ఎప్పుడూ కిందికి వాలుతుంది. డ్రైవర్లు చాలామంది మధ్య గొట్టాన్ని కౌగిలించుకుని తోస్తారు. తోసిన బలం జాయింటు దగ్గర మడతపడి యోక్ ను ఇంకా వంచుతుంది. గొట్టాన్ని తోయవద్దు; బరువును దేనిమీదైనా ఆనించి, చేతులు రెండూ యోక్ మీదే పెట్టి, యోక్ ను తిన్నగా పట్టుకుని జరపాలి. ఇంత చిన్న మార్పుతో సగం పెనుగులాట పోతుంది. మా షెడ్డుకు "ఎక్కటంలేదు" అని వచ్చిన వాటిలో యోక్ లోనూ మొనలోనూ ఏ లోపమూ లేనివి ఎన్నో చూశాను.

ఇక పళ్ళకు గాడులు ఎదురుపడడం. ఆరు పళ్ళంటే ఒక్కో పన్నుకు 60 డిగ్రీలు. అంటే ఎంత దురదృష్టవంతుడికైనా ఇటో అటో 30 డిగ్రీలు తిప్పితే చాలు. పెద్ద దూరమేం కాదు. చిక్కల్లా తిప్పడానికి ఏది వీలుగా వుంటుందన్నదే. షాఫ్టు రెండో చివర అప్పటికే రోటవేటరుకు తగిలించి వుంటుంది. దాన్ని తిప్పాలంటే గేరుబాక్సు తిరగాలి, గేరుబాక్సు తిరగాలంటే నేలలో దిగబడ్డ కత్తులు తిరగాలి. అది మనిషి వల్ల కాదు. కనుక ట్రాక్టరు మొననే చేత్తో తిప్పుకోవాలి. ఇంజను ఆపి పీటీవో లివరు న్యూట్రల్లో పెడితే మామూలు బళ్ళల్లో మొన చేతికి తిరుగుతుంది. కొన్ని కొత్త బళ్ళల్లో పీటీవో ఆపగానే బ్రేకు పట్టే ఏర్పాటుంది; అలాంటివాటికి విడిపించే పద్ధతి బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి వుంటుంది. ఆ పుస్తకం సాధారణంగా బీరువాలో పట్టుచీరల కింద దొరుకుతుంది!

ఇక్కడ ఒక దుర్మార్గపు అలవాటు గురించి చెప్పాలి. మొన తిరగకపోతే ఒకడు షాఫ్టు పట్టుకుని కూర్చుంటాడు, ఇంకొకడు పైన సీట్లో కూర్చుని సెల్ఫు "టక్" మని ఒక్కసారి కొడతాడు, పళ్ళు కాస్త జరుగుతాయని. చేతులు యోక్ లో వున్న మనిషి ప్రాణం పైన కూర్చున్నవాడి బొటనవేలి మీద ఆధారపడడం అన్నమాట. ఇది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యకూడదు. తాళంచెవి తగిలించేవాడి జేబులోనే వుండాలి.

పళ్ళ గుర్తుకు నేను చేసే ఏర్పాటు చాలా చవక. యోక్ లోపలి గాడి ఎక్కడుందో చూసి, సరిగ్గా దానిపైన, యోక్ వెలుపల తెల్లరంగు చుక్క పెడతాను. ఎదురుగా రెండోవైపు ఇంకొక చుక్క. యోక్ ను మొన మీదికి తెచ్చాక లోపలి గాడి కంటికి కనబడదు, చుక్క కనబడుతుంది. మొన మీద పైకి వున్న పన్నుకు చుక్కను ఎదురు పెట్టి తోస్తే చాలు. వెతుకులాట లేదు. పెయింటు లేకపోతే చెల్లెలి గోళ్ళ రంగు సీసా బాగా పనికొస్తుంది. అది గ్రీజుకు కూడా త్వరగా పోదు. చెల్లెలితో జరిగే గొడవకు మాత్రం నా పూచీ లేదు.

మూడోది లాకు. మొన చుట్టూ ఒక కాలువలాంటి గాడి వుంటుంది. యోక్ లోని పిన్నో, బంతులో ఆ గాడిలోకి దిగి షాఫ్టు వెనక్కి జారకుండా పట్టుకుంటాయి. పాత రకంలో ఒక పక్కన స్ప్రింగు పిన్ను వుంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. మన అదృష్టం కొద్దీ అది సరిగ్గా కింది వైపే వస్తుంది. కాలరు రకంలో యోక్ మెడచుట్టూ వున్న వలయాన్ని వెనక్కి లాగితే లాకు తెరుచుకుంటుంది. దీన్ని ఏ వైపునుంచైనా పట్టుకోవచ్చు కాబట్టి వేలు ఎక్కడ పెట్టాలన్న వెతుకులాట పోతుంది. వీటిలో కొన్ని రకాలలో కాలరు ఒకసారి లాగితే తెరిచిన స్థితిలోనే ఆగి, యోక్ పూర్తిగా ఎక్కగానే తనంత తాను మూసుకుంటుంది. అంటే నొక్కిపట్టే చెయ్యి మిగిలిపోయిందన్నమాట. షాఫ్టు కొత్తది కొనేవాళ్ళు రంగు, రేటు మాత్రమే చూడకుండా ఈ కాలరు సంగతి అడగాలి. పిన్ను రకం వున్నవాళ్ళు పిన్నుకు వారానికోసారి పల్చని నూనె వేసి నాలుగుసార్లు నొక్కి వదిలితే చాలు. చిక్కటి గ్రీజు పూస్తే ఇసుక అంటి అదే బిగుస్తుంది. ఏ రకమైనా సరే, ఎక్కాక వెనక్కి ఒకసారి గట్టిగా గుంజి చూడాలి. "తక్" మన్న శబ్దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు. సగం ఎక్కిన షాఫ్టు నడుస్తుండగా వూడితే అది గదలా తిరుగుతుంది.

సుత్తి విషయం. యోక్ మూతి మీదో, మొన మీదో ఇనప సుత్తితో కొడితే పళ్ళ అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. ఇవాళ ఒక దెబ్బకు ఎక్కుతుంది, రేపటికి రెండు దెబ్బలు కావాలి, నెలకు ఏ దెబ్బకూ ఎక్కదు. అలా విచ్చుకున్న అంచును సన్నని ఆకురాయితో, లేచిన మేరకే, తీసేయాలి. పన్ను పక్కలను అరగదీయకూడదు, బలం మోసేది అవే. తర్వాత పాత గ్రీజు గుడ్డతో పూర్తిగా తుడిచి, వేలితో పల్చగా కొత్త గ్రీజు రాయాలి. చాలామంది పాతదాని మీదే కొత్తది దట్టంగా మెత్తుతారు. ఇసుక కలిసిన గ్రీజు వాల్వులు రుద్దే లేపనం లాంటిది, పళ్ళను తింటుంది.

మధ్య గొట్టాలు జారకపోతే పైవన్నీ చేసినా ప్రయోజనం లేదు. షాఫ్టు కుదించి మొన ముందుకు తెచ్చి, మళ్ళీ చాచి ఎక్కించాలి గదా. లోపల ఎండిన గ్రీజు, గడ్డిపొట్టు కలిసి సిమెంటులా పట్టేస్తాయి. సీజను ముందు ఒకసారి రెండు ముక్కలూ వేరుచేసి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గ్రీజు పూసి కలపాలి. కలిపినప్పుడు చేత్తో లాగితే జారాలి, అదే పరీక్ష.

కలిపేటప్పుడు మన థియరీ ఆఫ్ మెషీన్స్ అక్కరకొస్తుంది. ఒక హుక్స్ జాయింటు వంకరలో తిరిగేటప్పుడు అవతలి వైపు వేగం నిలకడగా వుండదు. 30 డిగ్రీల వంకరలో, ఇటు 540 నిలకడగా వున్నా అటు 468 నుంచి 624 దాకా, చుట్టుకు రెండుసార్లు, ఎగిరి పడుతుంది. అందుకే రెండు జాయింట్లు పెట్టి, ఒకటి చేసిన వంకరను ఇంకొకటి సరిచేసేలా ఏర్పాటు చేశారు. కాని అది జరగాలంటే మధ్య గొట్టాల మీదున్న రెండు యోక్ లూ ఒకే వరసలో వుండాలి, రెండు వైపులా వంకర సమానంగా వుండాలి. నిమ్మకాయ ఆకారపు గొట్టాలు రెండు విధాలుగానే దూరతాయి, రెండూ సరైనవే. చదరపు గొట్టాలు నాలుగు విధాలుగా దూరతాయి, అందులో రెండు తప్పు. తప్పు కలిపితే కుదుపు పోకపోగా ఇంకా పెరుగుతుంది. క్రాస్ బేరింగులు నెలలో పోతాయి. "మా వాడికి కొత్త క్రాస్ వేసినా నిలవటంలేదండీ" అని వచ్చే షాఫ్టులను నేను ముందు ఈ వరస చూసే విప్పుతాను.

పొడవు గురించి కూడా చెప్పాలి. షాఫ్టు కొన్నప్పుడు వచ్చిన పొడవు మీ ట్రాక్టరుకు సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వరు. పొడవెక్కువైతే ఎక్కించడమే కష్టం. బలవంతాన ఎక్కించినా, రోటవేటరు లేపి దించేటప్పుడు గొట్టాలు చివరిదాకా మూసుకుపోయి ట్రాక్టరు పీటీవో బేరింగునూ, వెనక గేరుబాక్సునూ పొడుస్తాయి. లింకులను లేపుతూ దించుతూ, మొనకూ గేరుబాక్సు ఇరుసుకూ మధ్య దూరం అతి తక్కువగా వున్న చోట కొలవాలి. అక్కడ కూడా గొట్టాల చివర రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గకుండా ఖాళీ వుండాలి. దూరం ఎక్కువైనప్పుడు గొట్టాలు కనీసం మూడోవంతు ఒకదానిలో ఒకటి వుండాలి. కోయవలసి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులు నాలుగూ సమానంగా కోసి, లోపలా బయటా అంచు నున్నగా రాకి, రజను పూర్తిగా కడిగి కలపాలి. మేం చూసిన కొన్ని తొడుగులు పొట్టివైపోవడానికి కారణం, గొట్టం ఒక కొలత, ప్లాస్టిక్ ఒక కొలత కోయడమే.

సందు లేని చోట ఇంకొక వుపాయముంది. షాఫ్టును రెండు ముక్కలుగా వేరుచేసి, ఒక ముక్క ట్రాక్టరు మొనకూ, రెండో ముక్క పనిముట్టుకూ, బండి దూరంగా వుండగానే, విశాలంగా కూర్చుని తగిలించుకోవచ్చు. తర్వాత బండిని దగ్గరికి తెచ్చి ఆపి, ఇంజను కట్టేసి, ముక్కలు కలపాలి. ఒక్కో ముక్క బరువు సగమే. ఐతే యోక్ ల వరస చూసుకోవాలి. బండి కదులుతుండగా మధ్యలో మనిషి వుండనే కూడదు. వెనక్కి వచ్చే ట్రాక్టరుకూ రోటవేటరుకూ మధ్య నిలబడి "రానీ, రానీ" అనే పిల్లవాణ్ణి ప్రతి వూళ్ళో చూస్తాం. వాణ్ణి ముందు పక్కకు పంపాలి.

రేపటి అవస్థలో సగం ఇవాళ విప్పినప్పుడే తయారవుతుంది. విప్పగానే షాఫ్టు చివర నేలమీద పడేస్తారు. బురద గాడుల్లోకి పోతుంది, రాత్రికి ఎండుతుంది, పొద్దున్నకు గట్టిపడుతుంది. పనిముట్టుకు ఒక కొక్కెం వెల్డు చేయించి షాఫ్టును దానికి వేలాడదీయాలి. యోక్ మూతికి పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి కట్టేస్తే బురద పోదు. ట్రాక్టరు మొనకు కంపెనీవాళ్ళు ఇచ్చిన టోపీ పారేయకుండా పెట్టుకోవాలి. తొడుగుకు వుండే సన్నని గొలుసుతో మాత్రం షాఫ్టును వేలాడదీయకండి. ఆ గొలుసు తొడుగు తనతోపాటు తిరగకుండా ఆపడానికి. బరువు మోయడానికి కాదు. తెగితే తొడుగు కూడా షాఫ్టుతో తిరగడం మొదలుపెడుతుంది, ఇహ అది వుండీ లేనట్టే.

విదేశాల్లో దీనికి పెద్ద పరిష్కారాలే వచ్చాయి. ట్రాక్టరు లింకులకు త్రికోణపు చట్రం, పనిముట్టుకు దాని జోడు చట్రం బిగించి, సీట్లోంచి దిగకుండా పనిముట్టును ఎత్తుకోవచ్చు. చిన్న ట్రాక్టర్లకు పనిముట్టుతోపాటు పీటీవో కూడా తనంత తాను కలిసే ఏర్పాట్లున్నాయి. మొన మీద శాశ్వతంగా వుండిపోయే జోడు కప్లింగులు కూడా అమ్ముతున్నారు. అవి మొదటి స్పర్శకే దారి చూపించే మూతితో వుంటాయి. బాగానే వున్నాయి గాని, కప్లింగు పెట్టినంత మేర మొన పొడవు పెరుగుతుంది, షాఫ్టు ఆ మేరకు కోయాలి, కవచం దాన్ని కూడా కప్పాలి. పైగా ప్రతి పనిముట్టుకూ ఒక జోడు కావాలి. కిరాయి ట్రాక్టరుకు ఏ రోజు ఎవరి రోటవేటరు తగులుతుందో తెలియదు. అందుచేత మన వైపు అవి ఇప్పట్లో నడవవని నా అభిప్రాయం.

మా షెడ్డులో మేం చేస్తున్నది చాలా మోటు పని. రోటవేటరు ముందు నిలువు చట్రానికి ఒక ఇనప పట్టీని మడతబందుతో బిగిస్తాం. పట్టీ చివర ఇంగ్లీషు వీ ఆకారంలో ఒడి, ఒడికి రబ్బరు అతుకు. షాఫ్టును అందులో పడుకోబెడితే యోక్ సరిగ్గా ట్రాక్టరు మొన ఎత్తుకు వస్తుంది. ఎత్తు సర్దుకోవడానికి పట్టీలో నాలుగు బెజ్జాలు. డ్రైవరు రెండు చేతులూ యోక్ మీద పెట్టి తిన్నగా జరుపుకుంటాడు, బరువు ఒడి మోస్తుంది. మూడో చెయ్యి అదే. యోక్ ఎక్కి షాఫ్టు బరువు ఒడి మీదినుంచి లేవగానే ఒక స్ప్రింగు పట్టీని పక్కకు లాగేస్తుంది. మనిషి మరిచిపోయినా అది తిరిగే షాఫ్టు దగ్గర వుండదు. గొలుసుతోనో తాడుతోనో పైలింకుకు వేలాడదీయడం ఇంకా చవకే. కాని తాడు విప్పడం మరిచి ఇంజను స్టార్టు చేస్తే ఏమవుతుందో పైన కండువా లెక్కలో చెప్పుకున్నాం. అందుకని దాని జోలికి పోలేదు.

దాంతోపాటు, మొన మీది ఇనప గొడుగును కోసేసినవాళ్ళకు మళ్ళీ వేసి, తలుపులా పైకి లేచేలా రెండు మడతబందులు పెడుతున్నాం. తగిలించేటప్పుడు ఎత్తి నిలబెట్టుకోవచ్చు, తర్వాత తన బరువుకే పడిపోతుంది. తీసి పారేయవలసిన అవసరం లేదు. చేయి పోయినాయన పని చేసిన ట్రాక్టరుకు మొదట బిగించింది ఇదే. ఆ డ్రైవరు ఇప్పుడు కూడా వస్తుంటాడు. గొడుగు అలాగే వుంది, రంగు మాత్రం పోయింది.

బేలరుకు మాత్రం మా ఒడి సరిపోవడంలేదు. మలుపుల్లో ఎక్కువ వంగే రెండు క్రాసుల జాయింటు దానికి ట్రాక్టరు వైపు వుంటుంది. ఆ జాయింటు బరువెక్కువ, పైగా మధ్యలోనే మడతపడుతుంది కాబట్టి ఒడిలో పడుకోబెట్టినా యోక్ వాలిపోతున్నది. ఒడిని గొట్టం కింద కాకుండా జాయింటు కిందకే తేవాలి. అక్కడ దాన్ని పక్కకు లాగే స్ప్రింగుకు చోటు దొరకడంలేదు. దాళ్వా కోతలైతే మా చేలల్లో బేలర్లు దిగుతాయి. ఫైనలియర్ మిత్రులెవరైనా ప్రాజెక్టు కోసం వెతుక్కుంటూ వుంటే స్కేలు, కాలిపరు పట్టుకుని ఆ రోజుల్లో మా షెడ్డుకు రావచ్చు. ట్రాక్టరు, బేలరు, బురద మేం ఇస్తాం.